గ్యారంటీ మావయ్య మోచెయ్యి

గ్యారంటీ మావయ్య ఏ కథనైనా "నేను చేసింది పెద్ద పనేం కాదులే" అనే మొదలుపెడతాడు. ఆ మాట చెవిన పడగానే టీకొట్టు పక్కన పంక్చర్లు వేసే పెద్దాయన చేతిలో ట్యూబు కింద పెట్టి, బకెట్లో చేతులు కడుక్కుని, రెండో టీ చెప్తాడు. పెద్ద పని కానిది చూస్తుండగానే ఎంత పెద్దదవుతుందో ఆయనకి బాగా తెలుసు.

ఈ మావయ్య ఎవరికి మావయ్య అంటే, నిజానికి ఒక్కడికే. ఆ ఒక్కడు పిలిచేసరికి వీధి వీధంతా పిలవడం మొదలుపెట్టింది. బస్సు డిపోలో విడిభాగాల కిటికీ వెనక పాతికేళ్లు కూర్చుని, చీటీ ఇచ్చినవాళ్లకి నట్లూ బోల్టులూ అందించి రిటైరైన మనిషి. చేతికి మసి అంటకుండా బళ్ల సంగతులన్నీ నేర్చేసుకున్నాడు. ఎవరి బండి కనపడినా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, టైరుని చెప్పుకాలితో రెండు తన్నులు తన్ని, "గ్యారంటీ" అంటాడు. ఆ గ్యారంటీ మీద బండి నడిపి మధ్యదారిలో ఆగిపోయినవాళ్లంతా తిరిగొచ్చి అడుగుదామనుకుంటారు గానీ, వచ్చేసరికి ఈయన ఇంకో కథలో ఉంటాడు.

ఆ ఉదయం మేనల్లుడు పికప్పు ఆపుకుని టీ తాగుతున్నాడు. రెండు నెలల కిందట కొన్న పాత బండి. వెనక తొట్టి నిండా మొక్కల కుండీలు. మూడొందలు. మేనల్లుడూ, అతని పెళ్లామూ కలిసి మొక్కలు పెంచి అమ్ముతారు. ఊళ్లో ఇంటింటికీ నాలుగేసి కుండీలు ఇచ్చుకుంటూ వచ్చినవాళ్లకి ఇదే మొదటి పెద్ద బేరం. కొండ మీద కొత్తగా కట్టిన బడికి మధ్యాహ్నానికల్లా చేర్చాలి. ఎక్కడానికి పద్దెనిమిది మలుపులు, దిగడానికి మళ్లీ పద్దెనిమిది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

ఆ అమ్మాయి లేత నారు ఉన్న పళ్లెం ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లోనే కూర్చుంది. టీ వద్దంది. కిటికీలోంచి తల బయటపెట్టి మెల్లిగా అంది:

"మావయ్యగారూ, ఎడం పక్క చక్రం దగ్గర ఆ టక్‌మనే చప్పుడు ఇంకా వస్తోందండీ. వీధి మలుపులో తిరిగినప్పుడు కూడా వచ్చింది."

"నిన్న నేను చూశాను కదమ్మా."

"చూశారండీ. అయినా వస్తోందండీ."

అంతే. మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు. భుజం మీద తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు. పెద్దాయన రెండో టీ చెప్పాడు.

"నేను చేసింది పెద్ద పనేం కాదులే అమ్మాయ్. డిపోలో ఉన్న రోజుల్లో ఒక పికప్పు వచ్చింది. అచ్చం ఇలాంటిదే. దాని ముందు చక్రం ఇలా పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి పట్టుకున్నా. ఒక్క ఊపు ఊపా. బాల్ జాయింటు పోయింది, మార్చెయ్యండి అన్నా. మార్చారు. అంతే సంగతి."

"అంతేనా? ఇంకా పాలు పొంగనే లేదు," అంది టీకొట్టు అక్క.

"అంతే ఎలా అవుతుంది? అది మొదలు! అసలు బాల్ జాయింటంటే ఏంటో తెలుసా మీకు? మన భుజం చూడండి. గిన్నెలాంటి ఎముకలో గుండులాంటి ఎముక తిరుగుతుందా? అదే అది. ఇనుప గిన్నె, ఇనుప గుండు, మధ్యలో గ్రీజు, దుమ్ము పోకుండా పైనొక రబ్బరు తొడుగు. చక్రం ఎటు తిరిగినా, గోతిలో పడి లేచినా, ఆ గుండు గిన్నెలో తిరగాల్సిందే. గుండు అరిగిందంటే టక్‌మంటుంది. గుండు ఊడిందంటే చక్రం అలిగిన అల్లుడిలా పక్కకి తిరిగి పడుకుంటుంది, ఎవరు బతిమాలినా లేవదు."

ఇంతవరకూ చెప్పింది నిజమే. పెద్దాయన దానికి వంక పెట్టలేదు. ఈయన మాటల్లో నిజం మొదట్లోనే వచ్చేస్తుంది, తర్వాత మరి కనపడదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు ఊపాల్సిన అవసరం కూడా పోయింది! వింటే చాలు. కిటికీ వెనక కూర్చుని నట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటానా, గేటు దగ్గర బండి చప్పుడవుతుంది, తలెత్తకుండానే అరిచేవాణ్ని: ఎడం ముందుది, కింది జాయింటు, ఇంకా పదకొండు రోజులు! రాసిపెట్టుకునేవాళ్లు. పదకొండో రోజు సాయంత్రానికల్లా పోయేది."

"పన్నెండో రోజు ఎందుకు పోదూ?" అంది అక్క.

"పన్నెండోది ఆదివారం. డిపోకి సెలవు."

మేనల్లుడు నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, అదే పెద్దాయనకి నచ్చలేదు. చిన్నప్పుడు ఈ మావయ్య చెప్పిన కథలు వింటూ అన్నం తిన్నవాడు, ఇప్పటికీ అలాగే నోరు తెరిచి వింటున్నాడు.

"ఒకసారి మా మేనేజరుగారు స్కూటరు మీద వచ్చారు. నేను ఠక్కున లేచి నిలబడ్డా. సార్, దీనికి బాల్ జాయింటు లేదు అన్నా."

"స్కూటరుకి ఎలాగూ ఉండదు కదా మావయ్యా?"

"అదే కదరా అల్లుడూ! ఉన్నదాని చప్పుడు ఎవడైనా వింటాడు. లేనిదాని చప్పుడు విన్నవాణ్ని ఇంకొకణ్ని చూపించు!"

చూపించలేకపోయారు.

పెద్దాయన టీ ఊదుకుంటూ పికప్పు ఎడం ముందు టైరు వంక చూశాడు. ఆ టైరు ఆయనకి తెలుసు. పోయిన గురువారం దానికి పంక్చరు వేసింది ఆయనే. విప్పి నీళ్లలో తిప్పుతుంటే, లోపలి అంచు బొటనవేలికి నున్నగా తగిలింది. బయటి అంచు కొత్తదానిలా ఉంది, లోపలిది ఎవరో ఆకురాయితో రాకినట్టు అరిగిపోయింది. టైరు అలా ఊరికే అరగదు. చక్రం నిటారుగా నిలబడలేకపోతే అరుగుతుంది. ఆ సంగతి నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "అయింది బాబూ, తీసుకెళ్లు" అని ఊరుకున్నాడు.

ఎందుకు ఊరుకున్నాడంటే దానికో లెక్కుంది. తొమ్మిదేళ్ల కిందట ఇదే బల్ల దగ్గర ఒక జీపు చూసి, "దీని జాయింటు పోయింది, ఇవాళే మార్పించు" అని ఆయన చెప్పాడు. అప్పుడు గ్యారంటీ మావయ్య, "గాలి కొట్టేవాడివి గాలి సంగతి చూసుకో, జాయింట్ల సంగతి నీకెందుకు" అన్నాడు. నలుగురు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరి చేతిలో ఏ గ్లాసు ఉందో కూడా పెద్దాయనకి గుర్తుంది. మూడో రోజున ఆ జీపు కూరగాయల బజారు ముందు మోకాళ్ల మీద కూలబడింది. నవ్విన నలుగురిలో ఒక్కడు కూడా వచ్చి "నువ్వు చెప్పిందే నిజం" అనలేదు. ఆ రోజు నుంచీ ఆయన టైరు దాటి లోపలికి ఒక్క మాట మాట్లాడలేదు. నవ్వినవాళ్లలో టీకొట్టు అక్క కూడా ఉంది. తొమ్మిదేళ్లుగా ఆమె టీ రోజుకి నాలుగు గ్లాసులు తాగుతూనే ఉన్నాడు. బాగుందని ఒక్కసారి అనలేదు.

"ఇంక అసలు సంగతికి వస్తున్నా," అన్నాడు మావయ్య. అంటే ఇప్పటిదాకా చెప్పినవి ఊరికే గొంతు సవరించుకోవడానికన్నమాట. "ఒకసారి అద్దాల లోడుతో ఒక పికప్పులో కొండ దిగుతున్నాం. బీరువాలకి బిగించే నిలువుటద్దాలు, నూట అరవై. డ్రైవరు కుర్రకుంక, కొత్త. మూడో మలుపులో టక్‌మంది. నాలుగో మలుపులో టకటకమంది. ఐదో మలుపులో ఏ చప్పుడూ లేదు. నేను అన్నా, ఒరే, చప్పుడు ఆగిందంటే గుండు గిన్నెలోంచి బయటికి వచ్చేసిందిరా! బ్రేకు వేస్తానన్నాడు. వెయ్యకు, అద్దాలు పగులుతాయి, అన్నా."

"మనుషులు పోయినా పర్వాలేదా?" అంది అక్క.

"మనుషులకి నేనున్నాగా! ఏం చేశానో తెలుసా? కిటికీలోంచి బయటికొచ్చి, బానెట్టు మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, బండి అలా పోతూనే ఉంది సుమా, ఆ చక్రాన్ని ఈ చేత్తో ఆపి పట్టుకుని, ఈ మోచెయ్యి తీసి ఆ గిన్నెలో పెట్టా!"

చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి చూపించాడు. నల్లటి మచ్చ ఒకటి ఉంది.

"అది పోయిన వానాకాలం నా బల్ల మీంచి జారిపడ్డప్పటిది కదూ? పసుపు పెట్టింది నేనే," అంది అక్క.

"దాని కింద ఇంకో మచ్చ ఉంది. ఇది దాన్ని కప్పేసింది. వినండి! గ్రీజు లేదు. తలకి రాసుకున్న నూనే గ్రీజు. డ్రైవరు స్టీరింగు ఎడమకి తిప్పితే నా మోచెయ్యి ఎడమకి తిరిగేది, కుడికి తిప్పితే కుడికి. గోతులొస్తే నా భుజం లేచి పడేది. పదమూడు మలుపులు అలాగే దిగాం. ఒక్క అద్దం బీటలిస్తే ఒట్టు! అద్దాల్లో నా మొహం నాకే కనపడుతోంది, ఒక్క చెమటచుక్క లేదు."

"ఆగాగు. నువ్వేమో ముందు తలకిందులుగా వేలాడుతున్నావు. అద్దాలేమో వెనక ఉన్నాయి. నీ మొహం నీకెలా కనపడింది?"

మావయ్య అక్క వంక జాలిగా చూశాడు. "మలుపులమ్మా! అంత గట్టి మలుపు తిరిగేటప్పుడు బండి వెనకభాగం మనకి ఎదురొస్తుంది. కొండ దిగినవాళ్లకి తెలుస్తుంది, టీ కాచేవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

అక్క గరిటె చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి పెద్దాయనకి ఆమె మీద కొంచెం జాలి కలిగింది. వెంటనే ఆపుకున్నాడు.

"అక్కడితో అయిందనుకున్నారా? నెల తిరక్కుండా బండి కంపెనీ వాళ్లు మా ఇంటికొచ్చారు. ముగ్గురు ఇంజనీర్లు, ఒక టేపు. కూర్చోండి కాఫీ తాగండి అన్నా వినలేదు, ముందు మోచెయ్యి చూపించండి సార్ అన్నారు. చుట్టుకొలత తీసుకున్నారు, వంపు తీసుకున్నారు, మెత్తటి సున్నపు ముద్దలో అచ్చు తీసుకున్నారు. ఆ రోజు నుంచీ ఈ రోజు దాకా రోడ్డు మీద తిరిగే ప్రతి పికప్పులోనూ ఉన్నది నా మోచెయ్యే! అలాంటి మోచెయ్యి ఉన్నవాడు నిన్న స్వయంగా మీ బండిని చూశాడమ్మాయ్. ఇంకా టక్ అంటోందీ టిక్ అంటోందీ అంటావేంటి? కుండీలు ఒకదానికొకటి తగులుతున్నాయి, ఆ చప్పుడది. వెళ్లండి, వెళ్లండి, ఆలస్యమవుతోంది. గ్యారంటీ."

మేనల్లుడు టీ అడుగంటా తాగేసి లేచాడు. వాడి మొహంలో బరువు దిగిపోయింది. కానీ ఆ అమ్మాయి మొహంలో దిగలేదు. నారు పళ్లాన్ని ఒళ్లోకి ఇంకొంచెం దగ్గరగా లాక్కుంది, అదేదో తనని కాపాడేటట్టు.

పెద్దాయన చేతిలో టీ చల్లారిపోయింది. అడగని వాళ్లకి చెప్పకూడదని ఆయన పెట్టుకున్న నియమం. ఇన్నాళ్లూ ఏ లోటూ లేకుండా నడిచిన నియమం. జీపువాళ్లు కూలబడితే బజారులో కూలబడ్డారు, లేచి దుమ్ము దులుపుకున్నారు. ఈ పిల్ల వెళ్లేది ఇంకో పక్క ఏమీ లేని దారిలో. బొటనవేలికి ఆ నున్నటి అంచు ఇంకా తగులుతున్నట్టే ఉంది.

మేనల్లుడు తలుపు తీశాడు.

"జాకీ ఎక్కడ పెట్టావు?" అన్నాడు పెద్దాయన.

అందరూ అటు తిరిగారు. అడిగింది ఆయనేనా అన్నట్టు చూశారు.

"నన్నేనా?" అన్నాడు మావయ్య.

"నిన్నే. నిన్న ఈ బండి చూసినప్పుడు జాకీ ఎక్కడ పెట్టి లేపావు?"

"ఎక్కడ పెడతారయ్యా? ఛాసిస్ కింద! బండికి వెన్నెముక అదే కదా. చక్రం గాల్లోకి లేచింది, పైనా కిందా పట్టుకుని నా బలమంతా పెట్టి ఊపా. బండరాయిలా ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. ఇదుగో, వీణ్నే అడుగు."

"అవును పెద్దాయనా, కదల్లేదు," అన్నాడు మేనల్లుడు.

"కదలదు. నెల రోజులు ఊపినా కదలదు. ఛాసిస్ పట్టుకుని లేపితే లోపలున్న స్ప్రింగు, చక్రాన్ని మోసే ఇనుప చెయ్యి ఉందే, ఆ కింది ఆర్మ్‌ని తన్ని పట్టుకునే ఉంటుంది. గుండు గిన్నెలో ఒక పక్కకి నొక్కుకుపోయి బిగుతుగా నిలబడుతుంది. ఎంత అరిగినా బయటపడదు. జాకీ పెట్టాల్సింది ఛాసిస్ కింద కాదు, ఆ కింది ఆర్మ్ కింద, జాయింటుకి దగ్గరగా. అప్పుడు స్ప్రింగు బరువంతా జాకీ మోస్తుంది, గుండు మీద బరువుండదు. ఆ తర్వాత టైరు కింద కడ్డీ పెట్టి ఎత్తి చూడాలి. నువ్వు నిన్న చూసింది జాయింటుని కాదు, స్ప్రింగు బలాన్ని."

మావయ్య తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"చూశారా, గాలి కొట్టేవాడు కూడా…"

"మావయ్యగారూ," అంది ఆ అమ్మాయి. ఆమె పళ్లెం పట్టుకుని బండి దిగేసింది. "అయితే ఒక పని చేద్దామండీ. మీరు వచ్చి ముందు సీట్లో కూర్చోండి. నేను వెనకే బస్సులో వస్తాను. దారిలో జాయింటు ఊడినా మీ మోచెయ్యి దగ్గరే ఉంటుంది."

"నేనా? ఇవాళా?" మావయ్య చుట్టూ చూశాడు. "వద్దామనే ఉంది తల్లీ. కానీ కుళాయి బాగుచేసేవాడు వస్తానన్నాడు. ఇంట్లో మనిషి లేకపోతే వాడు ఏ పైపు విప్పుతాడో ఏంటో. పైగా నాకు కొండగాలి పడదు, చెవులు మూసుకుపోతాయి."

"పదమూడు మలుపులు తలకిందులుగా వేలాడినప్పుడు పడిన గాలి కూర్చుని వెళ్తే పడదా?" అంది అక్క.

మేనల్లుడు బండి తలుపు పట్టుకునే ఉన్నాడు. మావయ్య మొహంలోకే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మొహమే. కొంచెంసేపు అలా చూసి, తెరిచిన తలుపు మూసేశాడు. సీటు వెనకనుంచి జాకీ తీశాడు. తీసుకుని నేరుగా పంక్చర్ల కొట్టు దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, మీరొకసారి చూస్తారా?"

తొమ్మిదేళ్లుగా పెద్దాయన దగ్గర దాచుకున్న జవాబులు చాలా ఉన్నాయి. ఒకదాన్ని మించినది ఒకటి. ఎవరైనా ఇలా వచ్చి అడిగితే ఏమనాలో పంక్చర్లు వేస్తూ వేస్తూ పదును పెట్టుకున్నవి. ఒక్కటీ బయటికి రాలేదు.

"ముందు వెనక చక్రాలకి రాళ్లు పెట్టు," అన్నాడు.

రాళ్లు పెట్టారు. బరువు తగ్గాలని మేనల్లుడూ అక్కా కలిసి ముందువరస కుండీలు దించి టీకొట్టు గోడకి ఆనించారు. పెద్దాయన గోనెపట్టా పరుచుకుని వంగాడు. జాకీని కింది ఆర్మ్ కింద, జాయింటుకి బెత్తెడు ఇవతల పెట్టించాడు. లేపుతుంటే చెయ్యెత్తి మధ్యలో ఆపాడు. జారితే బండి ఎవరి మీదా పడకుండా తన కొట్లోంచి పాత టైర్లు రెండు దొర్లించుకొచ్చి ఛాసిస్ కిందికి తోశాడు. అప్పుడు మళ్లీ లేపమన్నాడు. టైరు నేల మీంచి రెండంగుళాలు లేచింది. పొడవాటి టైరు కడ్డీ దాని కిందికి దూర్చి మేనల్లుడి చేతికిచ్చాడు.

"మెల్లిగా ఎత్తు."

ఎత్తాడు.

టక్.

చక్రం వేలెడు మందం పైకి లేచింది. దించితే మళ్లీ టక్‌మంటూ కిందికి దిగింది. కుండీలన్నీ గోడ దగ్గర కదలకుండా నిలబడి ఉన్నాయి, వాటి మీదికి నెట్టడానికి లేదు. పెద్దాయన జాయింటు మీది రబ్బరు తొడుగుని వేలితో పక్కకి తీసి చూపించాడు. చీలిపోయి ఉంది. లోపల గ్రీజు లేదు, ఎండిన మట్టి ఉంది. గుండు గిన్నె అంచుదాకా వచ్చేసి ఉంది.

"ఇది కొండ ఎక్కుతుంది. దిగదు," అన్నాడు.

ఆ అమ్మాయి నారు పళ్లాన్ని గుండెలకి హత్తుకుని చక్రం వంక చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్ తీసి బడివాళ్లకి చెప్పింది: బండి బాగుచేయించాలి, రేపు పొద్దున తెస్తాం. అవతలివాళ్లు ఏదో గట్టిగా అన్నారు. "మొక్కలు ఒక్కరోజు ఆగుతాయండీ," అని పెట్టేసింది. టీకొట్టు అక్క గోడవారన ఉన్న కుండీల మీద చెంబుడు నీళ్లు చల్లింది. చల్లి, కాచిన టీ ఒక గ్లాసు తెచ్చి, అడక్కుండానే పెద్దాయన పక్కన పెట్టింది.

ఆయన తాగాడు. పంచదార ఎక్కువైందన్నాడు.

ఇంతసేపూ మావయ్య ఊరుకున్నాడనుకుంటే పొరపాటు. చక్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. వంగి చూశాడు. చీలిన రబ్బరుని తన చేత్తో తాకి, తనే కనిపెట్టినట్టు తలాడించాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను అప్పుడే అనుకున్నా. నిన్న సాయంత్రం నేను చూసినప్పుడు ఉక్కులా ఉందా? ఉంది. మీరందరూ సాక్ష్యం. మరి పొద్దునకి ఇలా ఎందుకైంది? ఇప్పుడొచ్చే ఇనుము అలాంటిది! రాత్రికి రాత్రే అరిగిపోయింది. ఇలాంటిదే ఒకసారి మా డిపోలో…"

మేనల్లుడు చేతులకంటిన మసిని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"నిజమే మావయ్యా. రాత్రంతా బండి మీ అరుగు ముందే నిలబెట్టాను. నీ మాటలు వినీ వినీ అరిగిపోయుంటుంది."